నల్లగా ఉంచమన్నది నేనే

పదిహేనేళ్ళు దాటింది, ఒక మాట నా దగ్గరే ఉండిపోయి. ప్రతి ఆదివారం దాన్ని ప్రార్థన మందిరానికి తీసుకుపోతాను. ఒక్కొక్కరూ లేచి తప్పులు ఒప్పుకొని సాక్ష్యాలు చెప్పే వేళకు అది గొంతు దాకా వస్తుంది. ఈలోగా పాట ఎత్తుకుంటారు. మళ్ళీ దాన్ని ఇంటికి తెచ్చుకుంటాను. బరువు అందామంటే, బరువునైతే ఎక్కడో ఒకచోట దించి కాసేపు ఊపిరి పీల్చుకోవచ్చు. ఇది అట్టా కాదు. పిండి రుబ్బేటప్పుడు ఉంటుంది, దోసె తిప్పేటప్పుడు ఉంటుంది, ఎవరైనా నన్ను మంచి మనిషి అన్నప్పుడు ఇంకా ఎక్కువ ఉంటుంది.

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు చెప్పను. మా ఊరి పేరూ చెప్పను. ఇంత కాలమైనా భయమేనా అంటారేమో. భయమే. కావలి నుంచి సముద్రం వైపు వచ్చే రోడ్డు మీద, రొయ్యలు పెంచే గుంటల మధ్య ఒక ఊరు అనుకోండి. ఆ రోడ్డు పక్కన నాది దోసెల అంగడి. అప్పుడూ అదే, ఇప్పుడూ అదే.

ఆ రోడ్డు ముందు ఇట్టా ఉండేది కాదు. సన్నగా, ఉప్పు కాలవ పక్కన వంకర తిరిగి, గుంతలు పడి ఉండేది. బస్సు మా ఊరి దగ్గరకు వచ్చేసరికి ఎద్దులబండి మాదిరి నడిచేది. కాన్పుకు కావలి పోతా పోతా ఆటోలోనే బిడ్డను కన్న ఆడోళ్ళున్నారు మా వీధిలో. రోడ్డు బాగుచెయ్యండి సామీ అని కనిపించిన ప్రతి నాయకుణ్ణీ మేమే అడిగినాం. నేను కూడా అడిగినాను. రొయ్యల గుంటలు ఎక్కువై, రొయ్యలు తోలే లారీలు ఎక్కువయ్యాక గానీ మా మాట ఎవరికీ వినబడలేదు. వినబడ్డాక మాత్రం గబగబా వేసినారు. వంకర తీసేసినారు. వెడల్పు చేసినారు. నల్లగా, నున్నగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా గీత గీసినట్టు తారు రోడ్డు. మొదటి రోజు మాపిటేల, ఎండ తగ్గినాక, ఆడోళ్ళమంతా చెప్పులు చేత పట్టుకొని దాని మీద నడిచినాం. కాళ్ళకు ఇంకా వెచ్చగా తగలతా ఉండింది.

ఎవరమూ ఆలోచించలేదు. రోడ్డు పెద్ద ఊళ్ళ రోడ్డయింది, మా వాకిళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. మెట్టు దిగితే తారు. నడవడానికి పక్కన జానెడు మన్ను కూడా మిగల్చలేదు. బడి అవతల. మంచినీళ్ళ కొళాయి అవతల. మేము మాత్రం పాత రోడ్డు దాటినట్టే దాటతా ఉన్నాం.

నా బిడ్డ పేరు కెజియా. ఒక్కతే కూతురు. అప్పుడు మూడో తరగతి. బడి వదిలినాక పిలకాయలంతా ఒక్కసారిగా రోడ్డు మీదికి వస్తారు. ఆ రోజు ఐసు వ్యాను ఒకటి వచ్చింది. నేను అంగట్లో ఉండాను. చప్పుడు వినబడింది, తర్వాత పిలకాయల అరుపులు. పోయి చూస్తే నా బిడ్డ కూర్చోనే ఉంది. ఏడవడం లేదు. కాలు మాత్రం, మోకాలి కింద, ఇంకెవరిదో కాలు మాదిరి పక్కకు తిరిగి ఉంది.

నెల్లూరు ఆసుపత్రిలో లోపల కడ్డీలు వేసినారు. ప్రాణానికి ఏం కాలేదు, దేవునికి స్తోత్రం అన్నారు అందరూ. నేనూ అన్నాను. కానీ ఆ కాలు మళ్ళీ రెండో కాలంత పెరగలేదు. నా బిడ్డ కుంటుతుంది. ఇప్పటికీ కుంటుతుంది. కట్టు విప్పినాక మళ్ళీ అదే బడికి, అదే రోడ్డు దాటి పోవాలి. రోజూ నేనే ఎత్తుకొని దాటించేదాన్ని. నా చంకలో అది, మా పక్కన గాలి చీల్చుకుంటా పొయ్యే లారీ.

ఆ రోజుల్లో రోడ్డు చూడ్డానికి ఇంజనీరు సారు ఒకాయన వచ్చినాడు. చిన్న వయసే. నా అంగట్లోనే టీ తాగినాడు. నేను కెజియాను పిలిచి ఆయన ముందర నడిపించినాను. సిగ్గులేకుండా నడిపించినాను. ఆయన మొహం మాడిపోయింది.

"రోడ్డు తిన్నగా, నున్నగా ఉంటే బండి దానంతటదే జోరందుకుంటుందమ్మా," అన్నాడు. "డ్రైవర్ని తిట్టి లాభం లేదు. ఇక్కడ ఊరుందని రోడ్డే చెప్పాలి, దూరం నుంచే చెప్పాలి. మేము అది చెయ్యలేదు."

స్పీడ్ బ్రేకర్ వెయ్యమని అడిగినాను. వేయిస్తానన్నాడు. ముందు బోర్డులు, తర్వాత తెల్ల చారలు, ఆ తర్వాతే అది వెయ్యాలన్నాడు. లేచి పోతా పోతా వెనక్కి తిరిగి ఇంకో మాట అన్నాడు. "మీ అంతట మీరు మాత్రం వెయ్యొద్దమ్మా. చాలా ఊళ్ళలో వేస్తున్నారు. చెప్పకుండా ఆపేది స్పీడ్ బ్రేకర్ కాదు, గోడ."

తల ఊపినాను. సరే సారూ అన్నాను. ఈ మాట నాకు తెలిసి ఉండింది. ఇది మీరు గుర్తు పెట్టుకోవాలి. మా వీధిలో మిగతా వాళ్ళకు తెలీదు. నాకు తెలుసు.

ఆయన మళ్ళీ రాలేదు. మోసం చేసినాడనుకున్నాను. వేరే జిల్లాకు మార్చినారని ఎప్పటికో తెలిసింది. అప్పటికి అంతా అయిపొయ్యింది.

ఒక ఆదివారం మందిరం నుంచి వస్తా రోడ్డు దాటుతుంటే ఒక లారీ మాకు ఎంత దగ్గరగా పోయిందంటే కెజియా పావడా అంచు ఎగిరి నా మొహానికి కొట్టింది. ఇంటికి వచ్చీ రాగానే మా తమ్ముడు ప్రసాదును పిలిచినాను. వాడు తాపీ పని చేస్తాడు. ఆ రోడ్డు వేసేటప్పుడు కూలికి పోయినాడు గాబట్టి తారు, కంకర మిగిలింది మా దిబ్బలో ఉందని వాడికి తెలుసు. "స్పీడ్ బ్రేకర్ ఈ రోజే మనమే పొయ్యాలిరా," అన్నాను. వీధిలో మగవాళ్ళంతా పారలు తెచ్చినారు. ఎండ మిటమిటలాడతా ఉంది. తారు కాచి, పండగ మాదిరి పని చేసినాం. ఆడోళ్ళు మజ్జిగ పోసినారు.

ప్రసాదు కొంచెం వాలుగా, వెడల్పుగా పొయ్యబోయినాడు. బండి మెల్లగా ఎక్కి మెల్లగా దిగేటట్టు. నేను దగ్గర నిలబడి, ఇంకొంచెం ఎత్తు పెట్టు అన్నాను. వాడు పెట్టినాడు. మళ్ళీ అన్నాను. మళ్ళీ పెట్టినాడు.

వాడు తెల్ల పెయింటు డబ్బా కూడా తెచ్చినాడు. ఎక్కడో మిగిలిందంట. అంగట్లో పెట్టి, ఆరినాక చారలు గీస్తానక్కా అన్నాడు. మాపిటేల వాడు వచ్చి అడిగితే, పెయింటు గడ్డకట్టుకు పొయ్యిందిరా, రేపు కావలి నుంచి కొత్తది తెద్దాంలే అన్నాను.

గడ్డకట్టలేదు. మూత తీసి చూసినాను నేను. పాల మాదిరి ఉంది.

ఎందుకు అట్టా చెప్పినాను? ఇన్నేళ్ళలో దీనికి చాలా జవాబులు చెప్పుకున్నాను. తెల్ల చారలు చూస్తే దూరం నుంచే తగ్గించుకొని, దాటినాక మళ్ళీ జోరు పెంచుతారనుకున్నానని. అధికారులు చూస్తే తీసేస్తారని. అవన్నీ తర్వాత కల్పించుకున్నవి. ఆ మాపిటేల నా లోపల ఉన్నది ఒకటే. వాళ్ళకు తగలాలి. నా బిడ్డ కాలు విరిచి ఎక్కడెక్కడికో పోతా ఉండారే, వాళ్ళ నడుములు కొంచెం విరగాలి. కనపడకుండా ఉండాలి. అందుకే నల్లగా ఉంచినాను. నల్ల రోడ్డు మీద నల్లగా.

తర్వాత కొన్నాళ్ళు నాకు బాగుండింది. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. లారీ వచ్చి దాని మీద ఎగిరి దబ్బున పడేది. వెనక రొయ్యల ట్రేలు గలగలమనేవి. డ్రైవరు బండి ఆపి మమ్మల్ని బూతులు తిట్టేవాడు. వీధిలో అందరం నవ్వేవాళ్ళం. నేను పెనం మీద దోసె వదిలేసి మరీ నవ్వేదాన్ని. పెయింటు సంగతి ప్రసాదు రెండుసార్లు అడిగినాడు. రేపు, రేపు అన్నాను. తర్వాత వాడూ మర్చిపోయినాడు.

ఆ రోజు చినుకులు పడతా ఉన్నాయి. పొద్దు గూకుతా ఉంది. వెలుగు ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. నేను పొయ్యి ముట్టిస్తా ఉండాను. మోటారు సైకిలు ఒకటి కావలి వైపు నుంచి వచ్చింది. మొగుడూ పెళ్ళాం. మాకు తెలిసినవాళ్ళు కాదు, సముద్రం ఒడ్డున ఇంకో ఊరి వాళ్ళు. ఆమె ఒక పక్కకు కూర్చోనుంది, ఒళ్ళో కొత్త ప్లాస్టిక్ బకెట్టు, నీలం రంగుది, రెండు చేతులతో దాన్నే పట్టుకొని. ఇదంతా నేను ఎట్టా చూసినాను? ఎందుకంటే ఆ బండి నిదానంగా వస్తా ఉంది. వానకు భయపడి అతను మెల్లగా వస్తా ఉండాడు. నేను చూసినాను. అతను జోరుగా రాలేదు.

బండి ఎగిరింది. పడలేదు. అతను ఎట్టనో నిలబెట్టుకున్నాడు, కొంచెం దూరం పోయి ఆగినాడు. వెనక ఆమె లేదు. బకెట్టు దొర్లుకుంటా వచ్చి మా అంగడి మెట్టుకు తగిలింది.

నేనే ముందు పోయినాను. ఆమె తల ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాను. వెనక వైపు నా చెయ్యి తడిగా అయింది, వాన అనుకున్నాను. ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది. "ఏమైందక్కా?" అంది. అంత మామూలుగా అడిగింది, బస్సు ఎందుకు ఆగిందని పక్కసీటు మనిషిని అడిగినట్టు.

"ఏం కాలేదమ్మా," అన్నాను.

అంతే. ఆమె మళ్ళీ మాట్లాడలేదు. నూటెనిమిది బండి వచ్చింది. అతను చెప్పుల్లేకుండానే ఎక్కినాడు. అతని పేరు రమేషని అప్పుడే తెలిసింది, నర్సు అడిగితే చెప్పినాడు. నెల్లూరు చేరకముందే ఆమె పోయిందని మా వాళ్ళలో తోడు పోయిన ఒకాయన ఫోను చేసినాడు.

వీధిలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ప్రసాదు నా దగ్గరకొచ్చి నిలబడినాడు. వాడి పెళ్ళాం అప్పుడు కడుపుతో ఉండింది.  "అక్కా, నన్ను తీసకపోతారు," అన్నాడు.

"తీసెయ్," అన్నాను. ఏం తియ్యాలో చెప్పాల్సిన పని లేకపొయ్యింది. గునపాలు వచ్చినాయి. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు, అంత తొందరగా చేసినారు. పెళ్ళలు పెళ్ళలుగా లేపి గుంట గట్టు అవతల పారేసినారు. రోడ్డు మీద మచ్చ కనబడకుండా మన్ను, తారు పొడి చల్లి తొక్కినారు. వాన మిగతా పని చేసింది.

తెల్లారి పోలీసులొచ్చినారు. ఏం జరిగిందని అడిగినారు. అందరూ నేల చూస్తా ఉన్నారు. ఎవరైనా ఒకరు నిజం చెప్పి ఉంటే, నేను అవునని ఉండేదాన్ని. అట్టా అనుకుంటాను. అది కూడా నిజమో కాదో నాకు తెలీదు. ఎందుకంటే ఆ మౌనంలో ముందుగా నోరు తెరిచింది నేనే.

"కుక్క అడ్డమొచ్చింది సారూ," అన్నాను. "జోరుగా వచ్చినాడు. తిప్పబోయినాడు."

రెండు అబద్ధాలు. మొదటిది మమ్మల్ని కాపాడడానికి. రెండోది ఎందుకు? జోరుగా అనాల్సిన పని ఏముంది నాకు? కుక్క ఒకటి చాలదా?  ఎవరో ఒకరు తప్పు చేసి ఉండాలి గదా, అది మేం కాకూడదు గదా అని నోరు దానంతటదే వెతుక్కుందేమో. రమేషు మీద నిర్లక్ష్యంగా బండి నడిపినాడని కేసు పెట్టినారు.

ఆమె దినాలు అయిపోయినాక అతను వచ్చినాడు. బస్సు దిగి, రోడ్డు మీద అటూ ఇటూ నడిచి, వంగి చూసి, మళ్ళీ నడిచి, చివరికి నా అంగడి బెంచీ మీద కూర్చున్నాడు. గడ్డం పెరిగి ఉంది. కారం దోసె వేసిచ్చినాను. తినలేదు. చల్లారిపొయ్యింది.

"అక్కా, ఆ రోజు ఆమె తల పట్టుకొనింది నువ్వే గదా?"

"నేనే నాయనా."

"ఏమన్నా చెప్పిందా?"

"లేదు. మాట రాలేదు."

అది కూడా అబద్ధమే. ఏమైందక్కా అని అడిగిందని చెప్తే, ఏమైందో నేనూ చెప్పాల్సొస్తుంది.

చల్లారిన దోసె పక్కకు జరిపినాడు. తర్వాత రోడ్డు వైపు చెయ్యి చూపించినాడు. "అక్కా, అక్కడ ఏమన్నా ఎత్తుగా ఉండిందా?"

"ఎత్తా? ఎత్తేముంది?"

"బండి లేచిందక్కా. నాకు బాగా గుర్తుంది. కింద నుంచి ఎవరో ఎత్తేసినట్టు. అడ్డం తిప్పలేదు నేను. తిన్నగానే వచ్చినా."

"లేదు నాయనా. ఏం లేదక్కడ. చూసినావు గదా."

"చూసినా." తల ఊపినాడు. "అయితే కుక్కేనా?"

"కుక్కే."

"నేను చూళ్ళేదక్కా దాన్ని."

"వాన గదా. వెలుగు లేదు."

అతను నన్ను చూసినాడు. అనుమానంగా కాదు. అనుమానంగా చూసి ఉంటే బాగుండేది. చదువుకున్న వాళ్ళు చెప్పిన మాట వినే మనిషి మాదిరి, నమ్మకంగా, నా నోటి నుంచి ఇంకేమన్నా వస్తుందేమోనని కనిపెట్టుకొని చూసినాడు. నేను పెనం మీద నీళ్ళు చల్లినాను. అది చుయ్యిమంది.

"అయితే నేనే," అన్నాడు.

లేచి పోయినాడు. బస్సు రాలేదు. నడిచే పోయినాడు.

ఆ రెండు మాటలూ అతని నోటి నుంచి నేను తీయించినాను. మొదట ఆమెను చంపినాను, అది తెలియక చేసినానని అన్నా అనుకోవచ్చు. ఇది తెలిసి చేసినాను. నన్ను అడిగితే ఇదే పెద్దది.

తర్వాత అతని సంగతులు ఒక్కొక్కటే చెవిన పడతా ఉండేవి. ఐసు ఫ్యాక్టరీలో పని అక్కడే, మా ఊరికి దగ్గర. మళ్ళీ సైకిలు తొక్కలేదు, బండి నడపలేదు. వాళ్ళకు ఒక ఆడబిడ్డ, ఇంకా మాటలు కూడా సరిగ్గా రాని వయసు. ఆమె పుట్టింటి వాళ్ళు గూడూరులో ఉంటారు. మా బిడ్డను పొట్టన పెట్టుకున్నావు, మనవరాలి జోలికి రావద్దన్నారంట. అతను ఎదురు చెప్పలేదంట. ఎందుకు చెప్తాడు? తనే చంపినానని అతనికీ తెలుసు గదా. నేనే చెప్పినాను గదా.

రోడ్డు సంగతి కూడా చెప్పాలి. అక్కడ ఈ రోజుకీ స్పీడ్ బ్రేకర్ లేదు. అది రాకుండా చేసింది కూడా నేనే. కొన్నేళ్ళకు ప్రమాదాలు ఎక్కడెక్కడ జరుగుతున్నాయో చూడ్డానికి కొందరు వచ్చినారు. ప్రతి ఊరి దగ్గరా ఆగి అడుగుతా ఉండారు. మా ఊళ్ళో, ఇక్కడ రోడ్డులో తప్పేమన్నా ఉందా అని అడిగినారు. మేము ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. స్పీడ్ బ్రేకర్ కావాలని నోరు తెరిస్తే, ఇంతకు ముందు ఒకటి ఉండేదన్న మాట ఎక్కడ బయటపడుతుందోనని. ఏం లేదు సారూ, నడిపేవాళ్ళదే తప్పు అన్నాం. వాళ్ళ లెక్కలో ఒక కుక్క, ఒక జోరు మనిషి. రోడ్డు మీద ఏ తప్పూ లేదు. పోయినారు. మా వీధి చివర పాలు పోసే ముసలాయన ఆ తర్వాతే పోయినాడు, గడ్డిమోపుతో దాటతా. ఆయన్నూ నా లెక్కలోనే వేసుకోవాలా? వేసుకుంటాను. ఎవరు వద్దన్నారు?

ఇక ఉజ్జీవ సభల సంగతి. చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసి కావలి దగ్గర పందిరి వేసి పెడతారు. ఒక ఏడు నేను ఆడోళ్ళతో ముందు చాప మీద కూర్చోనుండాను. సాక్ష్యాల వేళ మైకు దగ్గరకు తెల్ల చొక్కా వేసుకొని ఒక మనిషి వచ్చినాడు. జుట్టు నెరిసింది. గొంతు విన్నాక గుర్తుపట్టినాను.

"నా చేతులతో నా భార్యను చంపుకున్నాను," అన్నాడు రమేషు. "చానా కాలం కుక్క మీదికి తోసుకున్నాను. కుక్కను నేను చూళ్ళేదు. నా అజాగ్రత్తే. అది ఒప్పుకున్న రోజే ప్రభువు నన్ను పట్టుకున్నాడు."

జనం స్తోత్రం అన్నారు. చప్పట్లు కొట్టినారు. నా పక్కామె కళ్ళు తుడుచుకుంది. నేను లేచినాను. నిజంగా లేచినాను. ముందుకు నడిచినాను, మనుషులు దారి ఇచ్చినారు. పాస్టరు అయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టి, ఏంటమ్మా అని అడిగినారు. రమేషు బారెడు దూరంలో నిలబడి ఉండాడు. నన్ను చూసి చేతులు జోడించినాడు.

"నా బిడ్డ కాలు కోసం ప్రార్థన చెయ్యండయ్యా," అన్నాను.

చేసినారు. రమేషు కూడా చేసినాడు. నా బిడ్డ కాలు కోసం కళ్ళు మూసుకొని, పెదాలు కదుపుతా చేసినాడు.

ఆ రోజు చెప్పి ఉంటే ఏమయ్యేది? అతను దేన్ని పట్టుకొని నిలబడినాడో దాన్నే లాగేసినట్టు అయ్యేది అని సర్దిచెప్పుకున్నాను. చెప్పకపోవడమే దయ అనుకున్నాను. ఎంత బాగా కుదిరింది ఆ మాట నాకు. కానీ గూడూరులో ఒక పిల్ల ఉంది గదా, నిజం తెలిస్తే నాన్న దగ్గరకు వచ్చేది. దాని సంగతి ఆ దయలో ఎక్కడుంది?

పోయిన చలికాలం రమేషు చనిపోయినాడు. గుండె ఆగి, పడుకున్నవాడు లేవలేదు. సమాధికి పోయినాను. సంఘం వాళ్ళు తప్ప ఎవరూ లేరు. కూతురు రాలేదు.

తర్వాత ఒకసారి గూడూరు పోయినాను. ఎవరికీ చెప్పలేదు. నిమ్మకాయల మార్కెట్టు దగ్గర వాళ్ళ తాత అంగడి అని తెలుసుకొని పోయినాను. ఆ పిల్ల కూర్చోనుంది, కాలేజీ వయసు. నొసలు రమేషుదే. నిమ్మకాయలు కావాలా పెద్దమ్మా అని అడిగింది. కావాలన్నాను. మంచివి ఏరి ఇచ్చింది. మీ నాన్న, అని మొదలుపెట్టినాను. దాని మొహం తలుపు వేసినట్టు అయిపోయింది. "మీరు ఆయన తరఫున వచ్చారా? వెళ్ళండి," అంది. నేను వచ్చేసినాను. అది పొమ్మంది గాబట్టి వచ్చినాననుకుంటే సుఖంగా ఉంటుంది. కానీ ఒక్క మాటైతే సరిపొయ్యేది. మీ నాన్న కాదమ్మా, నేను. అంతే మాట. నోట్లో ఉంది. నిమ్మకాయల సంచి పట్టుకొని రైలెక్కినాను.

కెజియా ఇప్పుడు కావలిలో ఒక బళ్ళో టీచరు. నాతోనే ఉంటుంది. వాళ్ళ నాన్న పోయి మూడేళ్ళు. ఆయన కూడా పెయింటు సంగతి తెలీకుండానే పోయినాడు. ఈ మధ్య ఒక ఆదివారం మందిరం నుంచి వచ్చినాక, చేపల పులుసు పెట్టుకొని ఇద్దరం అన్నానికి కూర్చున్నాం. ఎందుకో ఆ పూట ఆగలేదు. మొత్తం చెప్పేసినాను. ఎత్తు పెట్టమన్నది, పెయింటు దాచింది, కుక్క, బెంచీ మీద అతను అడిగింది, గూడూరు. అంతా.

కెజియా చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. 

"ఇది నాకెందుకు చెప్పినావమ్మా?"

పులుసు గిన్నె దాని వైపు జరిపినాను.

"ఇంతకాలం ఇది వ్యాను వాడు చేసిన కాలు," అంది. "ఇప్పుడు నేను అడుగేస్తే, ఆ బండి మీద నుంచి పడినామె..."

పూర్తి చెయ్యలేదు. లేచి లోపలికి పోయింది. కుంటుకుంటా పోయి తలుపు వేసుకుంది. నేను పిలవలేదు. ఏమని పిలవాలి? మోయలేనని దాని నెత్తిన పెట్టినాను, ఇప్పుడు ఇటియ్యమంటే వస్తుందా?

కంచాల ముందు ఒక్కదాన్నే కూర్చున్నాను. ఆకలేసింది. నాకే ఆశ్చర్యంగా ఉండింది. పులుసు పోసుకొని కలుపుకున్నాను. ఎన్నేళ్ళయిందో అన్నం రుచి తెలిసి. లోపల నా బిడ్డ ఏడుస్తా ఉంది, వినబడతానే ఉంది. నేను ఇంకో ముద్ద కలుపుకున్నాను.